హెల్మెట్ మీద దరువేసి చదివితే అది కవిత కాకుండా పోతుందా?

సీమచినుకు (అనంతపురం)

పోయిన ఆదివారం మా ఊళ్లో పది పన్నెండు మందిమి కూర్చుని కవితలు చదువుకున్నాం. నేను మొదట ఇంగ్లండు కవయిత్రి జూల్జ్ డెన్బీ గురించి పది నిమిషాలు మాట్లాడి, తర్వాత నా కవిత చదివాను. మైకు లేదు. హెల్మెట్‌ను ఒళ్లో బోర్లించుకుని అరచేత్తో దరువేస్తూ చదివాను. అయిపోగానే ఒక పెద్దాయన "అమ్మా, ఇది నినాదం, కవిత కాదు" అన్నారు. ఇంకొకరు "బైక్ గ్యాంగుల్లో తిరిగినామెను మన పిల్లలకు ఆదర్శంగా చూపిస్తావా?" అన్నారు. వారం నుంచి ఆ రెండు మాటలూ మనసులోంచి పోవడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

తెలియనివాళ్ల కోసం ఆమె సంగతి కొంచెం చెప్తా. 1955లో ఇంగ్లండులో ఒక సైనికుడి ఇంట పుట్టింది. పంతొమ్మిదేళ్లకే సేటన్స్ స్లేవ్స్ అనే మోటార్‌సైకిల్ క్లబ్బు మనిషిని పెళ్లి చేసుకుంది. ఆ లోకం నుంచి బయటపడ్డాక, బ్రాడ్‌ఫర్డ్‌లో పంక్ (మోటుగా, కోపంగా సాగే ఒక రకం రాక్ సంగీతం) బ్యాండ్లు వాయించే చోట వేదికెక్కి సొంత కవితలు చదవడం మొదలుపెట్టింది. న్యూ మోడల్ ఆర్మీ బ్యాండుకు తొలి రోజుల్లో మేనేజర్‌గా ఉంది, వాళ్ల ఆల్బమ్ అట్టలకు బొమ్మలూ వేసింది. ఆ తర్వాత నవలలు రాసింది. బైకర్ గతం ఉన్న ఒక ఆడమనిషి మీద రాసిన నవల 2005లో ఆడవాళ్లు రాసిన నవలలకు ఇచ్చే ఆరెంజ్ ప్రైజ్ తుది జాబితా దాకా వెళ్లింది.

ఇక నా కవిత. ఒకసారి గుత్తి దగ్గర బంకులో ఆగాను. పెట్రోలు పట్టే పిల్లోడు నన్ను చూసి, బండిని చూసి, రోడ్డు వైపు చూసి "అక్కా, అన్న యాడ?" అన్నాడు. పాపం, వాడి తప్పేం లేదు. వాడు చూసిన లోకంలో బుల్లెట్ వెనకాల ఒక అన్న ఉండాల్సిందే. బంకు బిల్లు వెనకే రాసుకున్నా:

బండి నాది, తాళం నాది
పెట్రోలుకి పెట్టిన దుడ్లు నావి
ఇంగొక్కసారి అడుగబ్బీ
అన్న యాడని
అన్న ఇంట్లో ఉండాడు
అన్నం వండుతాండాడు

ఇది కవితేనా? మొహమాటం లేకుండా చెప్పండి.

బురుజునీడ (కర్నూలు)

అమ్మా, ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. అలాగని ఛందస్సు లేనిదే కవిత్వం కాదనే మనిషిని కాను. నా భయం వేరు. కోపం ఒక్కటే సరుకైతే ఆ కవిత ఎన్నాళ్లు నిలుస్తుంది?

సంఘాన్ని తిట్టిపోస్తూ రాసిన దిగంబర కవులను చూడు. 1965లో మొదటి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత అర్ధరాత్రి ఆవిష్కరింపజేశారు. 1966లో రెండోది, 1968లో మూడోది వచ్చాయి. తెలుగు దేశమంతా ఉలిక్కిపడింది. 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం) పుట్టేసరికి వాళ్లలో నలుగురు అటు నడిచారు, ఆ కథ అక్కడికి ముగిసింది. ఇవాళ ఆ మూడు సంపుటాల్లోంచి నాలుగు పాదాలు నోటికి వచ్చినవాళ్లు ఎంతమంది? అదే వేమన పద్యమైతే మా ఊరి గొర్రెల కాపరికి కూడా వచ్చు. వేమనలో తిట్టు లేదా? కావలసినంత ఉంది. కానీ చెప్పాల్సిందంతా మూడు పాదాల్లో ముగించి, నాలుగో పాదం మకుటానికి వదిలేశాడు. ఆ నిగ్రహమే పద్యాన్ని నోళ్లలో నిలబెట్టింది. పంక్‌లో నాకు ఆ నిగ్రహం కనిపించదు. అరుపు వినిపిస్తుంది, అంతే.

నీ ఆరు పాదాల్లో చివరి రెండూ బాగున్నాయి. మొదటి మూడూ వాదన.

సైలెన్సర్ (ప్రొద్దుటూరు)

నేను బుల్లెట్లు రిపేరు చేస్తా. కవిత్వం సంగతి పెద్దలు చూసుకుంటారు, బైకుల సంగతి ఒకటి చెప్తా. అలాంటి విదేశీ క్లబ్బుల్లో చాలావాటిలో ఆడవాళ్లకు సభ్యత్వం ఉండదు. జాకెట్టు వెనక "ఫలానా వాడి ఆస్తి" అని కుట్టించుకుని తిరిగిన ఆడవాళ్లు ఉన్నారు. మరి దాన్ని తిరుగుబాటు అని ఎలా అంటాం అక్కా? ఇంట్లో నాన్న మాట వినను అని వచ్చి, బయట ఇంకొకడి మాట వినడమే కదా?

మా గుంపు జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోతుంటాం. అమ్మాయిలు వస్తే లైనుకు మధ్యలో పెడతాం, భద్రత అని. ముందు నువ్వు నడుపు, మేం వెనక వస్తాం అని ఎప్పుడూ అనలేదు. ఇది రాస్తుంటేనే ఆ సంగతి తట్టింది.

సీమచినుకు

సైలెన్సర్ అన్నా, ఆరోజు నేను చెప్పాలనుకుని సరిగా చెప్పలేకపోయిన మాట ఇదే. ఆమె బైకర్లతో తిరగడం గొప్పని నేను అనలేదు. ఆ లోకంలోనూ ఆడమనిషికి దక్కింది వెనక సీటే. ఆమె అసలు తిరుగుబాటు ఆ సీటు దిగి మైకు ముందు నిలబడటం. ఆ బైకర్లూ మగవాళ్లే, ఈ పంక్ గుంపూ మగవాళ్లే. బీరు తాగి, గిటారు కోసం ఎదురుచూసే గుంపు ముందు, చేతిలో వాద్యం లేకుండా ఒక్కతే మాటతో నిలబడాలి. అక్కడ గొంతు తగ్గిస్తే ఎవరూ వినరు. సార్ "అరుపు" అన్నారే, దానికి కారణం అది.

న్యూయార్క్‌లో కవయిత్రి, గాయని ప్యాటీ స్మిత్ కూడా 1971లో ఒక చర్చిలో కవితలు చదివినప్పుడు పక్కన లెనీ కేయ్ ఎలక్ట్రిక్ గిటార్ వాయించాడు. మనకు ఇది కొత్తా సార్? చెక్కభజనలో చెక్కలు తీసేసి పాట పాడమంటే సగం పాట పోతుంది. ఆ పాటను పుస్తకంలో చూసి "ఇందులో ఏముంది" అంటే న్యాయమా?

వలసబండి (కదిరి, ప్రస్తుతం బెంగళూరు)

ఒక మాట సూటిగా. బుల్లెట్ అంటే లక్షల్లో మాట. మా అమ్మ శనక్కాయ చేన్లో కలుపు తీసి బతికింది. నాట్లప్పుడు, కలుపులప్పుడు ఆ ఆడవాళ్లు కట్టి పాడే పాటల్లో రెడ్డిని, మొగుణ్ణి, వానదేవుణ్ణి ఎవరినీ వదలరు. వాళ్లను ఎవరూ తిరుగుబాటు కవులనరు. బండి కొనగలిగిన అమ్మాయి కోపానికి మాత్రం పేరు కావాలి, పక్కన ఇంగ్లండు ఉదాహరణ కావాలి. నాకు ఇది మింగుడుపడటం లేదు.

సీమచినుకు

అన్నా, మీ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. నాది సెకండ్ హ్యాండ్ బండి, ఇంకా కంతులు కడుతున్నా. అది జవాబు కాదని నాకూ తెలుసు. బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల ఊరు. మిల్లులు మూతపడి పని పోయిన వీధుల మధ్య ఆమె కవితలు చదివింది, అందుకే నాకు మన కదిరి బస్టాండు, బెంగళూరు బస్సెక్కే మూటలూ గుర్తొచ్చాయి. మీ అమ్మగారి పాటలు ఎవరైనా రికార్డు చేశారా? లేకపోతే నేను వస్తా.

మొల్లతోట (బద్వేలు)

మాస్టారూ, మీరు చెప్పిన దిగంబర కవులు ఆరుగురూ మగవాళ్లే. సంఘాన్ని తిట్టడానికి వాళ్లు ఎత్తుకున్న పోలికల్లో ఎన్నిచోట్ల ఆడదాని ఒళ్లు ఉందో మళ్లీ ఒకసారి చూడండి. ఆ కోపం ఆడవాళ్ల గొంతులో పలకడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1993లో నీలిమేఘాలు అనే స్త్రీవాద కవితల సంకలనం వచ్చినప్పుడూ "ఇది కవిత్వమా" అనే ప్రశ్న లేచింది.

వేమన దగ్గరికి వద్దాం. ఆయన్ను కవుల లెక్కలో వేయడానికి పండితులకు ఎంతకాలం పట్టింది? మన కడపలో కొలువు చేసిన బ్రౌన్ 1829లో అచ్చు వేయించాడు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు అనంతపురంలో వేమన మీద ఉపన్యాసాలు ఇచ్చింది 1928లో. తొంభై తొమ్మిదేళ్లు! అన్నాళ్లూ ఆ పద్యాన్ని బతికించింది జనం నోరు. కాబట్టి పోయిన ఆదివారం చదివిన కవిత నిలుస్తుందా లేదా అని ఈ ఆదివారమే తేల్చకండి.

మా గోపవరం మొల్ల సంగతి మీకు చెప్పేంతదాన్ని కాదు. శాస్త్రాలు చదవలేదని పీఠికలోనే ఒప్పుకుంది. తేనె నోట పడగానే తీపి తెలిసినట్టు, వినగానే అర్థం తోచాలని అక్కడే చెప్పింది. వినగానే, మాస్టారూ. చెల్లెలు ఆ హెల్మెట్ పట్టుకుని చేసిందీ అదే కదా.

చెల్లీ, నీకూ ఒక మాట. "పంక్" అనే ముద్ర వేసుకోకపోతే ఏం? నీ "ఉండాడు", "వండుతాండాడు" చాలు. మా కాలేజీ రోజుల్లో ఒక వేదిక మీద ఈ భాషలో చదివితే "యాస తగ్గించమ్మా" అన్నారు. నేను తగ్గించాను. ఇప్పటికీ బాధే.

బురుజునీడ

రెండు రోజులు ఆలోచించాను. మొల్ల మాట నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పినదే, నాకే గుర్తు రాలేదు. దిగంబర కవుల పోలికల విషయంలో మీరన్నది నిజం. నిగ్రహం గురించి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. మంచి దరువుకు కొట్టడం ఎంత ముఖ్యమో ఆపడమూ అంతే ముఖ్యం.

తల్లీ, నీ కవిత నిన్న బయటికి చదువుకున్నాను. బల్ల మీద చేత్తో కొట్టుకుంటూ చదివాను. మొదటి మూడు పాదాలు వాదన అన్నాను కదా, దరువుతో అది తెలియలేదు. "అన్న యాడని" దాకా బాగా నడిచింది. "అన్న ఇంట్లో ఉండాడు" దగ్గర నా చెయ్యి తడబడింది. అక్కడ దరువు వేస్తావా, ఆపుతావా?

సీమచినుకు

ఆపుతాను సార్. ఆ రెండు పాదాలకూ హెల్మెట్ ముట్టుకోను. మామూలుగా, ఇంట్లో మాట్లాడినట్టు చెప్తాను.

బురుజునీడ

అలాగైతే కాగితం మీద అక్కడ ఒక పంక్తి ఖాళీ వదులు. మళ్లీ ఎప్పుడు చదువుతున్నారో చెప్పు, పొద్దున బస్సుకు వస్తాను.