క్లాసులో రోబోకి పొగరంట, మాటతీరు మార్చేదా?

కావలి టీచర్:
అందరికీ నమస్తే. కావలి దగ్గర హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్తాను, మాట్లాడే రోబో ఒకటి కొన్నాళ్ళు వాడుకోమని మా ఎనిమిదో క్లాసుకి ఇచ్చారు. ఏదడిగినా కాసేపు ఆగి అప్పుడు జవాబు చెప్తది, అది నెట్ స్లో వల్ల, కానీ పిల్లలు దాని స్వభావమే అంత అనుకుంటా ఉండారు. వెనక బెంచీ అబ్బాయిలు "వాడికి పొగరు సార్, పిలిస్తే పలకడు" అంటే, ముందు కూర్చునే పాపేమో "దానికి సిగ్గు సార్, తొందర పెట్టబాకండి" అంటది. గొంతు హుషారుగా, స్పీడుగా మార్చే సెట్టింగ్ ఉందంట, మార్చేదా ఇట్టానే ఉంచేదా?

ఒంగోలు బీటెక్:
సార్, గొంతు పెద్దగా, మాట స్పీడుగా ఉండి చేతులు ఊపితే కలుపుగోలు మనిషి అనుకుంటారు, మెల్లగా ఉంటే బిడియం అంటారు. నావో అని 58 సెంటీమీటర్ల రోబో ఉంటది, దాని మొహం అసలు కదలదు, కళ్ళ చుట్టూ లైట్లు, తల వంపు అంతే, అయినా పిల్లలకి దాంట్లో కోపం, సంతోషం కనిపిస్తాయి. మీ రోబో పిలిచినోళ్ళ వైపు తల తిప్పేట్టు పెట్టండి, ఆగేటప్పుడు "ఆలోచిస్తున్నా" అనిపించండి, పొగరు అనేమాట చాలావరకు పోతది.

పొదలకూరు అమ్మ:
సార్ దయచేసి మరీ గలగలా మాట్లాడేట్టు చెయ్యబాకండి. మా పాప మనుషుల ముందు ఇంగ్లీష్ ఒక్క ముక్క మాట్లాడదు, ఫోన్లో యాప్‌తో మాత్రం తప్పులతోనే గంటసేపు మాట్లాడతది, ఎందుకే అంటే "అది నవ్వదు కదమ్మా" అంటది. సిగ్గు అన్న ఆ పాప ఎట్టాంటిదో ఒకసారి గమనించండి.

కావలి టీచర్:
నిజమేనమ్మా, ఆ పాప క్లాసులో చెయ్యే ఎత్తదు, ఇంతవరకు నాకు తట్టలా. స్పీడు జోలికి పోను. తల తిప్పేది మాత్రం పెట్టిస్తా, థాంక్స్ తమ్ముడూ.

దర్శి మాస్టారు:
మంచిపని సార్. 2015లో ఇంగ్లండ్‌లో ప్లిమత్ యూనివర్సిటీ వాళ్ళు రోబోతో పిల్లలకి ప్రధాన సంఖ్యలు నేర్పించి చూస్తే, బాగా కలుపుగోలుగా ఉన్న రోబో దగ్గర కంటే ముభావంగా ఉన్నదాని దగ్గరే ఎక్కువ నేర్చుకున్నారు. ఇంకోటి, జపాన్‌లో ఒక ప్రైమరీ స్కూల్లో రోబోవీ అనే ఇంగ్లీష్ మాట్లాడే రోబోని పెడితే మొదటివారం పిల్లలు ఎగబడ్డారు, రెండోవారానికి పల్చబడిపోయారు, అప్పుడు కూడా దాని దగ్గరికి పోయినోళ్ళకే ఇంగ్లీష్ మెరుగైంది, 2004లో వచ్చిన పేపర్ అది. అందుకని పొగరు, సిగ్గు అని ఇప్పుడు అనే మాటల మీద తీర్పు ఇవ్వబాకండి, కొత్త పోయినాక ఎవరు దాని దగ్గరికి పోతా ఉండారో చూసి ఇక్కడ రాయండి, మా స్కూల్ వాళ్ళకి కూడా పనికొస్తది.