వచ్చే వేసవిలో పీకేసే చెయిర్‌లిఫ్ట్‌కి ఇప్పుడు లోడ్ టెస్ట్ అవసరమా?

శ్రీను_అరోరా:
డెన్వర్ చుట్టుపక్కల ఉండి పిల్లల్ని స్కీయింగ్‌కి తీసుకెళ్ళేవాళ్ళని అడుగుతున్నా. మేం వెళ్ళే చిన్న కొండ మీద పాత చెయిర్‌లిఫ్ట్ ఉంది, అంటే ఉక్కు తాడుకి వేలాడే కుర్చీల్లో ఇద్దరిద్దరు కూర్చుని కొండ పైకి వెళ్ళేది. వచ్చే వేసవిలో దాన్ని తీసేసి కొత్తది పెడతారట. ఏడేళ్ళకోసారి చెయ్యాల్సిన లోడ్ టెస్ట్ గడువు సరిగ్గా ఈ సీజన్ మధ్యలో పడింది. ఎలాగూ తీసేసేదే కదా, గడువు పొడిగించమని లిఫ్టుల భద్రత చూసే రాష్ట్ర ట్రామ్‌వే సేఫ్టీ బోర్డుని అడుగుతారని అక్కడ పనిచేసే కుర్రాడు చెప్పాడు. ఈ టెస్ట్ గురించి తెలియనివాళ్ళ కోసం: పైకెక్కే వైపు కుర్చీల్లో మనిషికి 77 కిలోల లెక్కన నీళ్ళ డ్రమ్ములు కడతారు, దిగే వైపు ఖాళీగా వదిలేస్తారు, లిఫ్ట్ నడిపి ఒక్కో బ్రేకూ విడివిడిగా వేసి ఎంత దూరంలో ఆగుతుందో, వెనక్కి జారుతుందో లేదో చూస్తారు. నా మటుకు, తీసేసే లిఫ్ట్‌కే ఈ టెస్ట్ ఇంకా గట్టిగా చెయ్యాలి. మీరేమంటారు?

కాకినాడ_కిరణ్:
చెయ్యాలి. ఇందులో చర్చేముంది?

పాతగేరు:
చర్చ ఉంది. నేను కంట్రోల్స్ ఇంజినీర్‌ని, రెండు శీతాకాలాలు ఒక కొండ మీద లిఫ్ట్ మెయింటెనెన్స్‌లో పనిచేశా. లోడ్ టెస్ట్‌లో తెలిసేది బ్రేకుల సంగతి, మోటారు సంగతి. తాడు లోపల తీగలు తెగాయా అన్నది మాగ్నెటిక్ టెస్ట్‌లో తెలుస్తుంది. కుర్చీని తాడుకి పట్టి ఉంచే గ్రిప్పుల్లో పగుళ్ళు ఉంటే వాటికి వేరే పరీక్ష ఉంది. ఈ పనులన్నీ డ్రమ్ములతో పనిలేకుండా జరుగుతూనే ఉంటాయి. అసలు పాతదైతే ప్రమాదం, కొత్తదైతే క్షేమం అన్న లెక్కే తప్పు. ఇక్కడి కొలరాడో రిసార్టులే చూడండి. కీస్టోన్‌లో 1985లో ఇద్దరి ప్రాణాలు తీసిన టెల్లర్ లిఫ్ట్‌కి రెండేళ్ళు కూడా నిండలేదు, అక్కడ విరిగింది పెద్ద చక్రం వెల్డింగ్. గ్రాన్బీ రాంచ్‌లో 2016 డిసెంబర్‌లో ఒక తల్లి కుర్చీలోంచి పడి చనిపోయింది, అక్కడ అంతకు కొద్ది రోజుల ముందే ఎలక్ట్రిక్ డ్రైవ్ కొత్తగా మార్చారు. వింటర్ పార్క్ గొండోలా (కుర్చీల బదులు మూసిన క్యాబిన్లుండే లిఫ్ట్) 2018లో కట్టింది, 2024 డిసెంబర్‌లో పగులు కనబడి 170 మందికి పైగా జనాన్ని తాళ్ళతో దించారు. వయసు చూసి భయపడటం ఆపండి.

శ్రీను_అరోరా:
నేను వయసు గురించి అనలేదు, బ్రేకుల గురించి అన్నా. మెయిన్ రాష్ట్రంలో షుగర్‌లోఫ్ అనే చోట 2015 మార్చిలో కింగ్ పైన్ లిఫ్ట్ గేర్‌బాక్స్ లోపల విరిగి, మనుషులు కూర్చుని ఉండగానే నాలుగైదు వందల అడుగులు వెనక్కి పరిగెత్తింది. వెనక్కి తిరగకుండా ఆపాల్సినవి సమయానికి ఆపలేదు. ఏడుగురికి దెబ్బలు తగిలాయి. గేర్‌బాక్స్ ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు, ఒప్పుకుంటా. విరిగినప్పుడు పట్టుకునేది బ్రేకే కదా? ఆ బ్రేకు నిండు బరువుని పట్టుకుంటుందో లేదో చూడొద్దు అంటారేంటి?

పాతగేరు:
చూడొద్దని ఎక్కడన్నా? బ్రేకులకి రోజువారీ చెక్ ఉంది, నెలవారీ చెక్ ఉంది. ఏడేళ్ళకోసారి వచ్చే టెస్ట్ నాలుగు నెలలు వాయిదా పడితే కొంప మునగదు అంటున్నా.

లిటిల్టన్_లక్ష్మి:
ఖాళీ కుర్చీలతో చేసే చెక్కూ నిండు కుర్చీలతో చేసేదీ ఒకటేనా అండీ? మాకు జరిగింది చెప్తా. వేరే కొండ, పేరు రాయను. మా బాబు తన స్నేహితుడితో లిఫ్ట్ ఎక్కాడు, సగం దారిలో ఆగిపోయింది. కరెంటు పోయింది, డీజిల్ ఇంజిన్‌తో దించేస్తాం అన్నారు. ఆ ఇంజిన్ స్టార్ట్ అవలేదు. గాలి విసిరేస్తుంటే ఇద్దరు పిల్లలు పైన, నేను కింద. చివరికి తాళ్ళు వేసి దించారు. వాడి వేళ్ళు ఎర్రగా వాచిపోయాయి. తర్వాత అక్కడి మనిషే చెప్పాడు, లిఫ్ట్ ఆ ఏడాది తీసేస్తున్నారని ఆ ఇంజిన్ మీద ఎవరూ ఖర్చు పెట్టలేదట. తీసేస్తాం అన్న మాట చెవిన పడగానే మెయింటెనెన్స్ చేతులు నెమ్మదిస్తాయి. నాకు భయం అదీ.

పాతగేరు:
మీ బాబుకి జరిగింది ఘోరం. కానీ లక్ష్మిగారూ, అది లోడ్ టెస్ట్‌తో బయటపడేది కాదు. డీజిల్ ఇంజిన్ విడిగా నడిపి చూడాల్సింది, వాళ్ళు ఆ పని చెయ్యలేదు.

శ్రీను_అరోరా:
ఆవిడ చెప్పింది ఇంజిన్ గురించి కాదండీ, మనుషుల గురించి.

పాతగేరు:
అయితే మనుషుల గురించే మాట్లాడుకుందాం. అదే షుగర్‌లోఫ్‌లో 2010 డిసెంబర్ 28న స్పిల్‌వే ఈస్ట్ లిఫ్ట్ తాడు చక్రాల మీంచి జారి కుర్చీలు కింద పడ్డాయి. 1975లో పెట్టిన లిఫ్ట్. అంతకు ముందే తనిఖీ పాసైంది. ఆ రోజు ఈదురుగాలి. ఒక టవర్ దగ్గర తాడు పక్కకి జరుగుతోందని మెకానిక్‌లు చూశారు, సరిచేస్తూ జనం ఎక్కి ఉండగానే లిఫ్ట్ నడిపారు. ఏ నీళ్ళ డ్రమ్ము ఆపుతుంది దాన్ని? అక్కడ ఆపాల్సింది ఆ పూట లిఫ్ట్‌ని.

శ్రీను_అరోరా:
ఆ స్పిల్‌వే లిఫ్ట్ అప్పటికే మార్చాల్సిన వాటి జాబితాలో ముందుంది. అది కూడా చెప్పండి. మీరు తెచ్చిన ఉదాహరణే నా మాట చెప్తోంది.

సింగరేణి_పెద్దాయన:
నేను గనుల్లో మనుషుల్ని తాడుతో కిందికి దించి పైకి లాగే వైండింగ్ ఇంజిన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యా, ఇప్పుడు అబ్బాయి దగ్గర ఉంటున్నా. మనుషుల్ని దించే తాడు కొస ఆరు నెలలకోసారి కోసి, ఆ ముక్కని టెస్టుకి పంపి, మళ్ళీ కొసకి క్యాప్ బిగించేవాళ్ళం. మూసేస్తున్న గనిలో కూడా ఆఖరి షిఫ్ట్ దిగేదాకా అంతే. ఎన్ని నెలలు మిగిలింది అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. మనిషి దిగుతున్నాడా లేదా, అంతవరకే. పాతగేరు గారు టెస్ట్‌లో ఏది తెలుస్తుంది, ఏది తెలియదు అని సరిగ్గానే చెప్పారు. అయితే గడువు పెట్టినవాళ్ళకి ఆ సంగతి తెలుసు కదా బాబూ, తెలిసే ఏడేళ్ళన్నారు.

కాకినాడ_కిరణ్:
పెద్దాయన మాటే నా మాట.

పాతగేరు:
సరే, ఇక నేనూ దాచుకోకుండా చెప్తా. ఇక్కడ మాట్లాడేవాళ్ళలో సగం మంది ఎపిక్ పాసో ఐకాన్ పాసో, ఏదో ఒక సీజన్ పాస్ కొనుక్కుని పెద్ద రిసార్టులకి వెళ్ళేవాళ్ళు. ఆ చిన్న కొండకి మనుషులే తక్కువ. డ్రమ్ములు తేవాలి, కుర్చీ కుర్చీకీ కట్టాలి, నింపాలి, మళ్ళీ దించాలి, ఇంజినీర్‌ని పిలవాలి. సీజన్ మధ్యలో అన్ని రోజులు ఉన్న ఒక్క లిఫ్టూ ఆపితే వాళ్ళ పని అయిపోతుంది. కొత్త లిఫ్ట్ రాదు, కొండే మూతబడుతుంది. మా అమ్మాయి స్కీయింగ్ నేర్చుకున్నది అక్కడే. నేను కొత్తగా వచ్చి చేతిలో డబ్బుల్లేనప్పుడు మమ్మల్ని రానిచ్చిన కొండ అదొక్కటే. అది పోతే ఇక్కడికి కొత్తగా వచ్చే మనవాళ్ళ పిల్లలు మంచు దూరం నుంచి చూడాల్సిందే.

లిటిల్టన్_లక్ష్మి:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన అయ్యేది కాదు. డబ్బుల్లేని పిల్లలు ఎక్కే లిఫ్ట్‌కి తక్కువ టెస్ట్ చాలా మరి?

పాతగేరు:
నా నోట్లో మాటలు పెట్టకండి. తక్కువ టెస్ట్ అనలేదు, వాయిదా అన్నా.

శ్రీను_అరోరా:
నాకు కోపం వచ్చేది ఎక్కడో నేనూ చెప్తా. టెస్ట్ చేశారా, వాయిదా వేశారా, టికెట్ కొనేవాడికి ఎవరూ చెప్పరు. ఆ కుర్రాడు నోరు జారకపోతే నాకు తెలిసేదే కాదు. వాయిదా వేసుకుంటే వేసుకోండి, కానీ "ఈ లిఫ్ట్ లోడ్ టెస్ట్ చివరిసారి ఫలానా ఏడాది చేశాం, ఈసారిది వాయిదా పడింది" అని టికెట్ కౌంటర్ దగ్గర అతికించండి. చదివి ఎక్కాలా వద్దా నేను తేల్చుకుంటా. పాతగేరు గారూ, మీ కొండ బతకాలని నాకూ ఉంది. నా పిల్లల్ని అడక్కుండా వాళ్ళ మీద ఆ భారం వెయ్యకండి.

సింగరేణి_పెద్దాయన:
ఇంకో సంగతి. తీసేసేది అంటున్నారు గానీ ఇవి తుక్కుకే పోతాయని లేదు. సన్‌లైట్ అనే స్కీ కొండ మీద నడిచిన సెగుండో లిఫ్ట్ 1954లో ఆస్పెన్‌లో కట్టింది, అక్కడ తీసేశాక సన్‌లైట్‌కి వచ్చింది. దాని బదులు పెట్టడానికి కొన్నది కూడా అరాపహో బేసిన్ అనే రిసార్ట్ వాళ్ళు తీసేసిన లిఫ్టే. మీ పాత లిఫ్ట్ రేపు ఇంకో ఊరి పిల్లల్ని ఎక్కించుకోవచ్చు.

పాతగేరు:
వేరే చోట మళ్ళీ బిగిస్తే అక్కడ లిఫ్ట్ మోయాల్సిన బరువుకి 110 శాతంతో మొదటినుంచీ టెస్ట్ చెయ్యాల్సిందే, అది వాళ్ళ పని. కౌంటర్ దగ్గర కాగితం అతికించడానికి నాకు అభ్యంతరం లేదు, అతికించాలి కూడా. వాయిదా మాత్రం ఇవ్వాలి.

శ్రీను_అరోరా:
వాయిదా ఇస్తే ఈ సీజన్ మా పిల్లలు ఆ లిఫ్ట్ ఎక్కరు.

కాకినాడ_కిరణ్:
బోర్డు మీటింగ్‌కి ఎవరైనా వెళ్ళొచ్చు కదా. ఎవరైనా వెళ్తున్నారా?

లిటిల్టన్_లక్ష్మి:
నేను వెళ్తా. పాతగేరు గారూ, మీరూ రండి. ఇక్కడ చెప్పినట్టే అక్కడా చెప్పండి, నేను నాది చెప్తా.

పాతగేరు:
తేదీ పెట్టండి, సెలవు చూసుకుంటా.