సిటీ మీటింగులో హెచ్‌వన్ వీసా వాళ్లు మాట్లాడొచ్చా?

బోథెల్ (కొత్తగా వచ్చాం): నమస్తే అండి. సియాటిల్ వైపు వచ్చి నాలుగు నెలలైంది. అపార్ట్‌మెంట్ ముందు రోడ్డు దాటడానికి సిగ్నల్ లేదు, పిల్లలతో రోజూ టెన్షన్. సిటీ కౌన్సిల్ మీటింగులో చెప్పమంటున్నారు. వీసా మీద ఉండి మాట్లాడితే ఇబ్బందా?

రెంటన్: వెళ్లండి బాబూ, పౌరసత్వం ఎవరూ అడగరు. పేరు రాయించుకుని, ఇచ్చిన రెండు మూడు నిమిషాల్లో చెప్పి రండి. అభ్యర్థులకు చందా మాత్రం గ్రీన్ కార్డు వచ్చేదాకా ఇవ్వొద్దు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా నమోదు చేయమంటారా అంటే వద్దనండి.

వీలైతే సియాటిల్ చైనాటౌన్‌లో వింగ్ ల్యూక్ మ్యూజియం చూసి రండి. ఆ ల్యూక్ 1925లో చైనాలో క్యాంటన్ దగ్గర పుట్టి, చిన్నప్పుడే ఇక్కడికి వచ్చారు. 1886లో ఈ ఊరి జనమే చైనావాళ్లను రేవుకు తరిమి ఓడ ఎక్కించారు. అదే ఊళ్లో 1962లో కౌన్సిల్‌కి గెలిచారాయన. రంగు చూసి ఇల్లు ఇవ్వననడం కుదరదంటూ చట్టం కోసం పట్టుబట్టారు. 1964లో జనం ఓట్లేసి మరీ దాన్ని ఓడించారు. 1965లో విమాన ప్రమాదంలో ఆయన పోయారు. చట్టం 1968లో వచ్చింది.

బెల్లెవ్యూ: ఎప్పుడూ ల్యూకేనా? రూబీ చౌ సంగతి ఎవరూ ఎత్తరేం? ఆవిడా చైనావాళ్ల అమ్మాయే, పుట్టింది సియాటిల్‌లోనే. రెస్టారెంట్ నడిపారు, బ్రూస్ లీ అందులో వెయిటర్. 1973లో కింగ్ కౌంటీ (సియాటిల్ ఉన్న జిల్లా లాంటిది) కౌన్సిల్‌కి గెలిచారు. మనం సంఘం ఎన్నికల్లోనే కొట్టుకుంటాం.

కెంట్: ఇళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 2011లో ఇల్లు ఖాళీ చేస్తే, కార్పెట్ మీద పసుపు మరకని ఓనరు డిపాజిట్‌లో 1,100 డాలర్లు కోసేశాడు. మేం దిగేనాటికే ఉన్న మరకది! మా ఆవిడ ఫోటో కూడా తీసింది, ఆ ఫోన్ కాస్తా పోయింది. ఫోన్ చేస్తే మరక వదిలేసి కూర వాసన అన్నాడు. చిన్న మొత్తాల తగాదాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో కేసు వేశాకే సగం వెనక్కొచ్చింది. ఖాళీ చేశాక 14 రోజుల్లో ఓనరు డిపాజిట్ లెక్క చెప్పాలి, రాసి పెట్టుకోండి.

రెంటన్: 14 పాతదండీ. 2023 నుంచి 30.

కెంట్: నా కేసులో 14.

రెంటన్: మీ కేసు 2011ది కదండీ!

బోథెల్: అందరికీ థాంక్స్. ఇంతకీ మా రోడ్డు సిటీదా, కౌంటీదా?

బెల్లెవ్యూ: కౌంటీకీ వేరే కౌన్సిల్ ఉంటుందనే రూబీ చౌ పేరెత్తాను. అడ్రసులో బోథెల్ అని ఉన్నంత మాత్రాన అది బోథెల్ సిటీలో ఉన్నట్టు కాదు. సిటీలోనే కొంత కింగ్ కౌంటీ, కొంత స్నోహోమిష్. ముందు మ్యాపులో మీ ఇల్లు ఎటు పడిందో చూసుకోండి.