కిండర్ స్కౌట్ ఊబినేలల్లో కుక్కతో నడక

ప్రశ్న (మాంచెస్టర్ నుంచి):
నమస్కారం. ఉద్యోగరీత్యా మాంచెస్టర్‌లో ఉంటున్న నేను, సెలవు దొరికినప్పుడల్లా మా కాకర్ స్పానియల్ బుజ్జిని వెంటబెట్టుకుని పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో నడుస్తుంటాను. ఈ మధ్య ఈడేల్ గ్రామం నుంచి కిండర్ స్కౌట్ కొండ ఎక్కి, అంచు వెంట ఉన్న దారిని వదిలి మధ్యకు అడ్డంగా వెళ్లాలనుకున్నాను. బుజ్జి సునాయాసంగా దాటిపోయింది కదా అని పచ్చగా కనబడిన చోట అడుగు వేస్తే తొడ దాకా దిగబడ్డాను. బయటపడ్డాక బూటు కోసం మోచేతి లోతు బురద తవ్వవలసి వచ్చింది. ఇటువంటి నేలను ముందుగానే గుర్తుపట్టడం ఎలా? కుక్కను వదిలేయాలా, పట్టీతోనే నడిపించాలా?

మొదటి జవాబు (షెఫీల్డ్ నుంచి):
ఊబినేలలో కుక్క దారి చూపదండీ. దాని కొద్దిపాటి బరువు నాలుగు కాళ్ల మీద పడుతుంది, పైగా అది ఒకచోట నిలవకుండా పరుగెడుతుంది. మన బరువంతా అడుగు వేసిన ఒక్క కాలి మీదే పడుతుంది. కాబట్టి అది దాటిన చోటు మనకూ గట్టిదే అనుకోకూడదు.

కిండర్ స్కౌట్ ఎత్తు 636 మీటర్లే అయినా, దాని పైభాగం కొనదేలిన శిఖరం కాదు, విశాలమైన పీఠభూమి. నీటిలో నానుతూ పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లపాటు పేరుకున్న నాచు, గడ్డి కలిసి అక్కడ పీట్ అనే నల్లటి నేలగా మారాయి. లేతపచ్చగా, మెత్తగా మెరిసే స్ఫాగ్నమ్ నాచు ఉన్నచోట అడుగు వేయకండి. మిమ్మల్ని మోసగించింది అదే అయి ఉంటుంది. తెల్లటి దూదిపింజల్లాంటి కుచ్చులతో ఊగే గడ్డి కూడా తడినేలకే గుర్తు. హెదర్ పొదలు పెరిగిన మిట్టలు సాధారణంగా గట్టిగా ఉంటాయి. నున్నగా, నల్లగా బయటపడిన పీట్ మాత్రం ఎండాకాలంలో చక్కగా నడవనిచ్చి, వానలు పడ్డాక కాలిని మింగేస్తుంది.

మధ్యకు వెళ్లడంలో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడివారు గ్రఫ్ అని పిలిచే, నీరు కోసిన చాళ్లు ఒకదానిలోంచి ఒకటి చీలుతూ పోతాయి. కొన్ని మనిషి లోతు ఉంటాయి. పొగమంచు కమ్మినప్పుడు వాటిలోకి దిగితే దిక్సూచి చేతిలో ఉన్నా తికమక తప్పదు. 1965లో ప్రారంభమైన పెన్నైన్ వే అనే సుదూర నడకదారి తొలి రోజుల్లో ఈ పీఠభూమి మధ్యగానే సాగేది. ఇప్పుడు అది జేకబ్స్ లాడర్ అనే నిటారు మెట్ల దారి మీదుగా ఎక్కి పడమటి అంచు వెంట వెళుతుంది. నా మాట వింటే మీరూ అదే దారిలో వెళ్లండి.

ఒకవేళ దిగబడితే పెనుగులాడకుండా వీపు సంచి తీసి పక్కన వేసి, వెనక్కి వాలి, బరువు పరుచుకునేలా పడుకుని, వచ్చిన వైపుకే జరగండి. పట్టీని నడుముకు కట్టుకునే అలవాటుంటే బురదనేలల్లో మానండి, కంగారుపడిన కుక్క గుంజితే తూలి పడతారు. వీపు మీద చేతిపిడి ఉన్న హార్నెస్ వేస్తే, దిగబడిన కుక్కను మెడ బిగియకుండా పైకి లాగవచ్చు.

రెండవ జవాబు (లీడ్స్ నుంచి):
పట్టీ సంగతి మన ఇష్టానికి వదిలింది కాదు. 2000 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో ప్రజలకు తెరిచిన కొండనేలల్లో మార్చి 1 నుంచి జూలై 31 వరకు కుక్కను రెండు మీటర్లకు మించని పట్టీతో పట్టుకోవాలి. నేల మీద గూళ్లు కట్టే పక్షులు పిల్లలను పెంచే కాలం అది. గోల్డెన్ ప్లోవర్ గూడు కాలి కింద పడేదాకా మన కంటికి ఆనదు. పశువుల దగ్గర అయితే ఏడాది పొడవునా ఇదే నియమం. ఆవులు తరిమితే మాత్రం పట్టీ వదిలేయండి. కుక్క తప్పించుకోగలదు, మీరు తప్పించుకోవడమే కష్టం.

మూడవ జవాబు (డెర్బీ నుంచి):
ఇల్లు చేరగానే బుజ్జి చెవుల వెనక, చంకల్లో, వేళ్ల సందుల్లో పిడుదుల కోసం వెతకండి. నలపకుండా, చర్మానికి ఆనించి, పిడుదులు తీసే చిన్న కొక్కెంతో మెలిపెట్టి తీయాలి. మనుషులకు లైమ్ వ్యాధి వచ్చేదీ వీటి వల్లనే కనుక మీ పిక్కలు కూడా చూసుకోండి. కాకర్‌కు కాళ్లు పొట్టివి, పొట్ట ఎప్పుడూ తడుస్తుంది. గాలిలో కాసేపు ఆగినా వణుకుతుంది. ఒక పొడి తువ్వాలు సంచిలో ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఆగస్టులో జేకబ్స్ లాడర్ మీదుగానే వెళతాను. అప్పుడు పట్టీ విప్పవచ్చునా?

రెండవ జవాబు ఇచ్చినవారు:
పక్షుల గడువు తీరుతుంది గానీ, గొర్రెలు అక్కడే ఉంటాయండీ. ఆ దారి పొడవునా మేస్తుంటాయి.