‘ఏకాణు వర్ణపటం’లో ఉన్నది ఏ అణువు?

(తెలుగు సైన్సు మాటలపై నలుగురి ముచ్చట; ఒక్కొక్కరికీ ఊరి పేరే గుర్తు.)

అమలాపురం: బడి పుస్తకాల్లో ఆటమ్ పరమాణువు, మాలిక్యూల్ అణువు. జనం నోట్లో నానేది మాత్రం అణుబాంబు, అణువిద్యుత్తు. అందుకే సింగిల్ మాలిక్యూల్ స్పెక్ట్రోస్కోపీని, అంటే ఒక్క అణువు పీల్చే, విడిచే వెలుగును రంగుల వారీగా చూడటాన్ని, ‘ఏకాణు వర్ణపటం’ అంటే ఆటమ్ సంగతే అనుకుంటున్నారు. దానికి ‘ఒంటి అణువు వర్ణపటం’ అందామా?

తణుకు: ఒంట్లో ఉండే అణువనుకుంటారండీ. విడి పూలు అన్నట్టు ‘విడి అణువు’ అంటే?

భీమవరం: అది బాగుందమ్మా, జరిగిన పనికి సరిపోతుంది. 1980లో హైడెల్‌బర్గ్‌లో పట్టి చూసిన బేరియం అయాన్ శూన్యంలో ఉంది. 1989లో ఐబీఎం ఆల్మడెన్ ప్రయోగశాలలో మోర్నర్, కాడోర్ పట్టుకున్న పెంటసీన్ అణువు పారా-టెర్ఫినైల్ స్ఫటికంలో, కోటానుకోట్ల అణువుల నడుమ ఉంది. దాన్ని విడదీసింది రంగుతోనే. ద్రవ హీలియంతో 1.6 కెల్విన్‌ దాకా చల్లబరిస్తే ఒక్కో పెంటసీన్ శోషణ రేఖ (అది వెలుగు పీల్చే సన్నటి రంగు గీత) దాదాపు 8 మెగాహెర్ట్జ్‌కి సన్నబడుతుంది. స్ఫటికంలో ఒత్తిడి అన్నిచోట్లా ఒకేలా ఉండదు, అందుకని రేఖలు తలో పౌనఃపున్యం దగ్గర పడతాయి. 592 నానోమీటర్ల దగ్గర ఈ రేఖలన్నీ చేరి ఏర్పడే పట్టీ నడుమ అవి ఒకదానిమీదొకటి పడి కలిసిపోతాయి. లేజర్‌ని పట్టీ అంచుకి జరిపితేనే విడి రేఖ దొరుకుతుంది.

రాజోలు: లేజర్ జోరు పెంచితే ఇంకా తేటగా కనబడదా మాస్టారూ?

భీమవరం: చెడుతుందండి. అణువు ఒక హద్దు దాటి పీల్చలేదు. రేఖ వెడల్పవుతుంది, చెదిరిన వెలుగు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మోర్నర్ వాళ్లు లేజర్ వెలుగులో అతి చిన్న తరుగును వెతికారు, చాలా కష్టమైన పని. 1990లో బోర్డోలో ఓరి, బెర్నార్ లేజర్ రంగుని ఫిల్టర్‌తో ఆపేసి, అంతకంటే ఎర్రగా అణువు విడిచే ప్రతిదీప్తినే (ఫ్లోరసెన్స్) లెక్కపెట్టారు. తర్వాతివాళ్లు ఎక్కువగా పట్టుకున్నది ఈ దారే. స్ఫటికం పల్చగా లేకపోతే ఇదీ దెబ్బతింటుంది.

తణుకు: చూసింది ఒక్క అణువునే అని రుజువేమిటి? యాంటీబంచింగ్‌కి, అంటే ఫోటాన్లు (వెలుగు రేణువులు) గుంపుగా కాక ఒకదాని తర్వాత ఒకటి రావడానికి, మాట కూడా కావాలి.

భీమవరం: ‘ఎడంరాక’ అనొచ్చు. ఊడ్పుల్లో కుదుళ్లు ఎడంగా పెట్టినట్టు, ఇక్కడ ఎడం కాలంలో. ఒక ఫోటాన్ విడిచిన అణువు మళ్లీ వెలుగు పీల్చుకుంటేగానీ రెండోది విడవలేదు. ఒక డిటెక్టర్ చాలదు, ఒక ఫోటాన్ తగిలాక అది కాసేపు మొద్దుబారుతుంది. సగం అద్దంతో వెలుగును చీల్చి రెండు డిటెక్టర్లకు పంపాలి. 1977లో కింబుల్, డాగెనే, మాండెల్ సోడియం పరమాణువుల్లో దీన్ని చూశారు, 1992లో బాషే, మోర్నర్, ఓరి, టలోన్ పెంటసీన్ అణువులో. రెండు డిటెక్టర్లూ ఒకేసారి పలకడం దాదాపు సున్నాకి పడిపోతే విడి అణువే. మామూలు లెక్కలో సగం దగ్గరే ఆగిపోతే, సమానంగా వెలిగేవి రెండున్నాయని అర్థం; లేజర్‌ని అంచుకి ఇంకాస్త జరపాలి.