పసుపులో కర్క్యుమిన్: హెచ్‌పీఎల్‌సీలో పీకులు విడిపోవడం లేదు

పసుపుకొమ్ము: దుగ్గిరాల పసుపు పొడిని మెథనాల్‌లో తీసి, హెచ్‌పీఎల్‌సీలో (కలిసిన పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) సీ18 కాలమ్ (పదార్థాలు విడిపోయే గొట్టం) మీద 425 నానోమీటర్ల దగ్గర చూస్తున్నా. పసుపుకు రంగునిచ్చే మూడు కర్క్యుమినాయిడ్ల పీకులూ (గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికి వచ్చే శిఖరాలు) ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి, తోకలు కూడా సాగుతున్నాయి. స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఎంత వెలుతురు పీల్చుకుందో కొలిచే యంత్రం) విలువే రాసేస్తే సరిపోదా అండీ?

కాలమ్‌మిత్ర: సరిపోదండి! అది మూడింటికీ కలిపి ఒకే అంకె ఇస్తుంది, పైగా ఎవరైనా కల్తీకి మెటానిల్ ఎల్లో అనే కృత్రిమ రంగు కలిపి ఉంటే ఆ రంగు కూడా అదే లెక్కలో పడిపోవచ్చు, మందు పొడి విషయంలో అది చిన్న సంగతి కాదు. మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రవం) నీళ్లలో కాస్త ఎసిటిక్ యాసిడ్ వేసి, ఎసిటోనైట్రైల్ కొంచెం తగ్గించండి. మూడింటిలో ముందు బిస్‌డెమెథాక్సీకర్క్యుమిన్, తర్వాత డెమెథాక్సీకర్క్యుమిన్, చివర్లో కర్క్యుమిన్ రావాలి.

ల్యాబ్‌అక్క: వయల్స్ (శాంపిల్ పోసే చిన్న సీసాలు) ఏ రంగువి? వెలుతురు తగిలితే కర్క్యుమిన్ పాడైపోతుంది. ముదురు గోధుమరంగువి వాడు తమ్ముడూ, స్టాండర్డ్ (పోల్చి చూసే, మోతాదు తెలిసిన ద్రావణం) ఏ రోజుకారోజు కలుపుకో.

పసుపుకొమ్ము: యాసిడ్ వేశాక తోకలు తగ్గాయి, మూడూ విడిగా వస్తున్నాయి. వయల్స్ రేపు మారుస్తానక్కా.