అప్‌డేట్: నాన్న రేడియేషన్ పూర్తయింది

నాన్న గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ ఇస్తున్నప్పుడు లాలాజల గ్రంథులు దెబ్బతినకుండా యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వేయొచ్చా అని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. నిన్నటితో 35 సిట్టింగులూ అయిపోయాయి.

మాత్రలు డాక్టర్ వద్దన్నారు. మంచి కణాలతో పాటు క్యాన్సర్ కణాలనీ అవి కాపాడే ప్రమాదం ఉందట. (నేను అప్పటికే రెండు డబ్బాలు కొనేశాను, అది వేరే సంగతి.) బదులుగా లాలాజల గ్రంథులకి రేడియేషన్ మోతాదు తగ్గేలా ఐఎంఆర్‌టీ (కిరణాల తీవ్రతను చోటుని బట్టి మార్చే) పద్ధతిలో ప్లాన్ చేశారు. తల కదలకుండా వల లాంటి ప్లాస్టిక్ మాస్క్ ముఖం మీద బిగించేవారు. బయటికొచ్చాక కూడా నుదుటి మీద ఆ గళ్ల అచ్చు కనిపించేది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించే రోజుల్లో దానివల్ల కిడ్నీలు దెబ్బతినకుండా ముందూ వెనకా సెలైన్ పెట్టారు.

అయినా నాలుగో వారంలో నోరంతా పూసింది. ఇప్పుడు పుళ్లు తగ్గుతున్నాయి కానీ రాత్రిళ్లు నోరెండిపోయి లేస్తున్నారు. మంచం పక్కనే నీళ్ల సీసా.